తిల్ల చెట్టు చూడ్డానికి కోరంగి దాకా

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది తాళ్లరేవు దగ్గర ఊరు. నిజాంపేట వచ్చి పన్నెండేళ్లయినా మాట చివర "ఆయ్" మాత్రం పోలేదు. జనవరి ఆఖర్లో కాకినాడ వెళ్లి కోరంగి మడ అడవులు చూసొస్తాం అన్నానో లేదో, లిఫ్ట్ దగ్గర ఆపేశాడు. "బాబు కొమ్మలు తుంచకుండా చూసుకోండి సార్. తిల్ల పాలు కంట్లో పడ్డాయంటే ఇంక లోకం కనపడదండి, ఆయ్."

అప్పటిదాకా నాకు మడ అడవి అంటే ఫోన్లో కనిపించే ఒక పచ్చటి ముద్ద. అందులో రకరకాల చెట్లుంటాయని, ఒక్కోదానికి ఒక్కో పేరూ ఒక్కో గుణమూ ఉంటాయని ఆలోచించిందే లేదు. ఆ "తిల్ల" మాట మా తొమ్మిదేళ్లవాడి బుర్రలో నాటుకుపోయింది. ఇక మిగతా ట్రిప్ అంతా దాని చుట్టూనే తిరిగింది.

శుక్రవారం రాత్రి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్కాం. కేపీహెచ్‌బీ నుంచి బస్సులూ బోలెడున్నాయి, మా ఇంటికి దగ్గర కూడా. కానీ పిల్లలతో వెళ్లేవాళ్లకి నా ఓటు రైలుకే. పడుకుని లేస్తే కాకినాడ. పండగ రోజుల్లో మాత్రం టికెట్ మీద ఆశ పెట్టుకోకండి.

రూమ్ విషయంలో దెబ్బ తిన్నాం. భానుగుడి సెంటర్ దగ్గర్లో ఒక లాడ్జి, ఆన్‌లైన్‌లో 1,800. ఎప్పుడొస్తే అప్పటి నుంచి 24 గంటలు అని రాసుంది. తీరా వెళ్తే చెక్-ఇన్ మధ్యాహ్నం పన్నెండుకి, ముందే దిగాలంటే ఇంకో 600 అన్నారు. కట్టాం, రాత్రంతా ప్రయాణం చేసొచ్చి రిసెప్షన్‌లో గొడవేం పెట్టుకుంటాం? కిటికీ తీస్తే జనరేటర్. వేడినీళ్లు ఏడింటికే ఆగిపోతాయట, మేం దిగేసరికి ఎనిమిది. రైల్లో వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి ఈ రెండు సంగతులూ అడగండి. ఆ చిరాకంతా మధ్యాహ్నం సుబ్బయ్య గారి హోటల్లో ఆకు ముందు కూర్చున్నాక పోయింది. అక్కడ వద్దని చేయి అడ్డం పెట్టడం కూడా ఒక విద్యే.

భోజనం కంటే ముందే ఒకసారి కోరంగి వెళ్లొచ్చాం. యానాం రోడ్డులో చొల్లంగి దగ్గర దిగాలి, ఆటోలో అరగంట. పదిన్నరకి వెళ్లేసరికి కాలవలో నీళ్లు లేవు. పడవలు బురదలో ఒరిగి పడున్నాయి. "ఆటు మీద ఉందండి, మూడు దాటాక రండి" అన్నాడు పడవాయన. ఇందులో ఎవరి తప్పూ లేదు, నాదే. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న హైదరాబాద్‌లో, మా ప్రగతి నగర్‌లోనే ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు వెళ్లేది అక్కణ్నుంచే. ఆటుపోట్ల అంచనాలూ ఇస్తుంది. రోజూ ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకి వెళ్తూ, ఒక్కసారి చూసుకుని బయల్దేరాలన్న ఆలోచన నాకు రాలేదు. రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, మర్నాడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ లెక్క తెలిస్తే మీ రోజు వృథా పోదు.

అయితే ఆటు సమయం మాకు మంచే చేసింది. చెక్కల దారి మీద నడుస్తుంటే కింద బురద అంతా తేలి ఉంది. మడ చెట్టు చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు వేలకొద్దీ వేర్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవి ఊపిరి పీల్చుకునే వేర్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ముక్కులు బయట పెట్టుకుంటుందన్నమాట. వాటి మధ్య ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న బుల్లి పీతలు, నీళ్లు లేకుండానే గెంతుతున్న చేపలు. తెల్ల మడ ఆకు అడుగున బూడిద రంగులో ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పు ఆకు మీదకే తోసేస్తుంది. మావాడు చెట్టుకున్న ఆకునే వేలితో రాసి నాలుక మీద పెట్టుకుని "చిప్స్ లాగుంది" అన్నాడు. ఆటులో చెక్కల దారి, పోటులో పడవ. ఈ వరసలో చూస్తే ఒక్క రోజు సరిపోతుంది. మాకు తెలియక జరిగినా, ఇదే సరైన వరస.

మూడున్నరకి మళ్లీ వెళ్లాం. వచ్చి పోవడానికి, ఆగడానికి కలిపి ఆటో 900 తీసుకున్నాడు. బేరమాడితే తగ్గేదేమో, ఆడలేదు. పడవ ఎక్కగానే మావాడు అడిగిన మొదటి మాట "తిల్ల ఎక్కడ?" పడవాయన మొహం వెలిగిపోయింది. ఫొటోకి బాగా కనపడే చోటు అడిగేవాళ్లే గానీ చెట్టు పేరు పెట్టి అడిగేవాళ్లు ఆయనకి తగలరట.

ఒడ్డుకి ఆనించి ఇంజన్ ఆపాడు. చెట్టు పెద్ద గొప్పగా ఏం లేదు. నున్నటి ఆకులు, అక్కడక్కడ ముదురాకులు ఎర్రబడి ఉన్నాయి. ఆయన చెయ్యి పెట్టలేదు, గెడ కొసతో ఒక ఆకుని నొక్కాడు. తొడిమ దగ్గర చిక్కటి తెల్లటి చుక్క ఊరింది, పాలపొంగు మీద మీగడలా. కంట్లో పడితే కొన్నాళ్లపాటు చూపు పోవచ్చు, ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతుంది. శాస్త్రీయ నామం ఎక్సికేరియా అగల్లోకా. ఇది ఆముదం కుటుంబపు చెట్టని వచ్చాక చదివాను. జెముడుదీ ఆ కుటుంబమే, అందుకే ఆ పాలు.

"మరి దీనివల్ల ఉపయోగం ఏంటి బాబాయ్?" అన్నాను. "మడ ఆకు గేదె తింటాదండి, మడ కర్ర పొయ్యిలోకీ దడికీ పనికొచ్చేది. తిల్ల జోలికి గేదె కూడా పోదు. పొయ్యిలో పెడితే పొగకి కళ్లు మండిపోతాయి" అన్నాడు. 1978లో అభయారణ్యం చేశాక ఇక్కడ ఏ చెట్టూ కొట్టడానికి లేదు, అది వేరే సంగతి. కానీ తిల్ల పనికిమాలిన చెట్టేం కాదు. కర్ర మెత్తగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి అగ్గిపుల్లలకి వాడారు. బంగ్లాదేశ్‌లో దీన్ని గేవా అంటారు. ఖుల్నా న్యూస్‌ప్రింట్ మిల్లు సుందర్బన్స్ నుంచి వచ్చిన ఈ కర్రతోనే కాగితం చేసింది. కళ్లు పోగొట్టే చెట్టు మీద వార్తలు చదువుకున్నారన్నమాట! కొన్ని చోట్ల దీని పాలతో చేపల్ని మత్తెక్కించి పట్టేవాళ్లు. చిదంబరం నటరాజస్వామి ఆలయ వృక్షం కూడా ఇదే. ఆ ఊరి పాత పేరు తిల్లై. చిదంబరం రెండుసార్లు వెళ్లాను, ఈ చెట్టు గురించి ఒక్కసారీ అడగలేదు.

నాలుగున్నర తర్వాత దోమలు పొగమబ్బులా దిగాయి. ఓడోమాస్ లేకుండా పడవ ఎక్కొద్దు. మర్నాడు ఆదివారం కదా, ఇంకోసారి చూద్దామని వెళ్తే చెక్కల దారి నిండా రీల్స్ తీసుకునేవాళ్లే. పిట్టలూ పీతలూ కావాలంటే మామూలు రోజున సెలవు పెట్టి వెళ్లడం మేలు. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవిని ఈసారికి వదిలేశాం. ఆ సాయంత్రం గొట్టం కాజాలు కొనుక్కుని రైలెక్కేశాం.

సోమవారం పొద్దున్నే వాచ్‌మన్‌కి కాజాల పొట్లం ఇచ్చి, తిల్ల చెట్టు చూశామని గొప్పగా ఫోన్ చూపించాను. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసుకుని చెట్టు మొదట్లోకి చూశాడు.

"ఇది మడండి సార్. కింద ముక్కులు లేచాయి చూడండి. తిల్లకి అవి ఉండవండి, వేర్లు పాముల్లా నేల మీద పాకుతాయి."

పడవ ఊగుతుంటే పక్క చెట్టుకి తీసినట్టున్నాను. మావాడు మాత్రం స్కూల్ బస్సు ఎక్కేదాకా నవ్వుతూనే ఉన్నాడు.