సైకోనాట్స్ 2: మనసు తలుపు తట్టి లోపలికి వెళ్లే ఆట

బెంగళూరు మారతహళ్లిలోని ఒక పాఠశాలలో నేను తొమ్మిదేళ్లుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. పగలంతా పిల్లల బాధలు విని ఇంటికి వచ్చాక, సాయంత్రం మళ్లీ అదే పనిని ఆటగా ఆడమంటే మొదట నాకు మనస్కరించలేదు. అయితే అనంతపురం నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటూ ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు పట్టు విడవకుండా నా చేత ‘సైకోనాట్స్ 2’ అనే వీడియో గేమ్ మొదలుపెట్టించాడు. దసరా సెలవుల్లో మొదలుపెట్టి, ఆ తర్వాత శని, ఆదివారాల్లో ఒకే కంట్రోలర్‌ను వాడూ నేనూ చేతులు మార్చుకుంటూ, దాదాపు 22 గంటల్లో ఆటను పూర్తిచేశాం. మనసుకు వైద్యం చేయడమనే పనిని హాస్యంగా చూపుతూనే, ఆ పనిలోని అసలు ధర్మాన్ని ఇంత శ్రద్ధగా పట్టుకున్న ఆటను నేను ఇంతవరకు ఆడలేదు.

ఈ ఆటను తయారుచేసింది టిమ్ షేఫర్ నడిపే డబుల్ ఫైన్ అనే అమెరికన్ సంస్థ. మొదటి భాగం 2005లో వచ్చింది. రెండో భాగం కోసం 2015 డిసెంబరులో అభిమానుల నుంచి చందాలు సేకరించడం మొదలుపెడితే 38 లక్షల డాలర్లకు పైగా పోగయ్యాయి. మధ్యలో 2019లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. చివరకు 2021 ఆగస్టు 25న ఆట విడుదలైంది. సర్కస్ కుటుంబంలో పుట్టిన రాజ్ అనే పదేళ్ల పిల్లవాడు ఇందులో కథానాయకుడు. ఎదుటివారి నుదుటికి ఒక చిన్న తలుపును అతికించి, దాని గుండా వారి మనసులోకి ప్రవేశించే శక్తి అతనికి ఉంది. మనసుల్లోకి వెళ్లి పనిచేసే గూఢచారుల సంస్థలో అతను కొత్తగా చేరిన శిక్షణార్థి. ఒక్కో మనసు ఒక్కో లోకంగా కనిపిస్తుంది కాబట్టి, దూకడం, ఎక్కడం, పోరాడడం అన్నీ ఆ లోకాల్లోనే జరుగుతాయి.

ఆట తెరుచుకోగానే ఒక ప్రకటన కనిపిస్తుంది. వ్యసనం, ఆందోళన, పానిక్ అటాక్ (ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్ర భయం) వంటి బాధలను ఇందులో తేలికగా, అక్కడక్కడ నవ్వు పుట్టించేలా చూపామని, అవి కొందరిని కలవరపెట్టవచ్చని ముందే చెబుతారు. వెంటనే వచ్చే మొదటి ఘట్టం ఒక దంతవైద్యుడి మనసులో, పళ్లూ చిగుళ్లూ నిండిన గదుల్లో సాగుతుంది. పంటి వైద్యమంటే భయపడేవారు ఆ అరగంట ఓర్చుకోవలసి ఉంటుంది.

నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఆ తర్వాత వచ్చే హోలిస్ ఘట్టం. హోలిస్ ఆ సంస్థలో రెండో స్థానంలో ఉన్న అధికారి, శిక్షణార్థులకు గురువు, ఒకప్పుడు వైద్యురాలు. పాఠం చెప్పడానికి ఆమె తన మనసులోకే విద్యార్థులను ఆహ్వానిస్తుంది. అక్కడ ఆలోచనలు గాలిలో తేలుతూ ఉంటాయి. ఒక ఆలోచన నుంచి మరొకదానికి దారం వేసి కలపడమే ఆ రోజు పాఠం. రాజ్‌కు ఒక ముఖ్యమైన పని మీద వెళ్లాలని ఆరాటం, ఆమె మాత్రం ఒప్పుకోదు. ఆమె మనసు మారితే తనను పంపిస్తుందన్న ఆశతో, తోటి పిల్లలు ఎగదోస్తుండగా, అతను ఆమె ఆలోచనల మధ్య ఉన్న దారాలను అటూ ఇటూ మార్చేస్తాడు. ఆ దారాలను మార్చేది మన చేతులే. మా వాడు ఉత్సాహంగా బొత్తాలు నొక్కుతూ ఉంటే నేను పక్కన కూర్చుని నవ్వుతూ చూశాను.

పర్యవసానం వెంటనే కనిపిస్తుంది. అంత జాగ్రత్తపరురాలైన హోలిస్ ఒక్కసారిగా జూదం పిచ్చిలో పడి, తన బృందాన్నంతా ఒక కేసినోకు తీసుకువెళ్తుంది. తప్పు దిద్దుకోవడానికి రాజ్ మళ్లీ ఆమె మనసులోకి దిగితే, ఆమె జీవితమంతా పనిచేసిన ఆసుపత్రి, ఇప్పుడు పట్టుకున్న జూదశాల ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. వార్డుల్లో దీపాలు మిరుమిట్లు గొలుపుతుంటాయి, రోగుల క్షేమం పందెం మీద ఆధారపడి ఉంటుంది. చూడడానికి ఎంతో సరదాగా ఉన్న ఆ లోకంలో కాసేపు తిరిగాక మా వాడు కంట్రోలర్‌ను ఒళ్లో పెట్టుకుని, “పిన్నీ, ఈమెకు ఏ జబ్బూ లేదు కదా, మనమే కదా ఇట్లా చేసింది?” అన్నాడు. నేను తరగతి గదుల్లో, తల్లిదండ్రుల సమావేశాల్లో ఎన్నిసార్లు చెప్పినా తేలికగా ఎక్కని మాట ఆ పిల్లవాడికి ఆ ఒక్క ఘట్టంతో అర్థమైంది. మంచి ఉద్దేశంతోనైనా సరే, ఒకరి మనసును వారికి తెలియకుండా మన అవసరానికి తగ్గట్టు తిప్పడం వైద్యం కాదు. వారి బాధతో వారే తలపడేటప్పుడు తోడుగా నిలబడడమే మన పని. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, అన్నీ తెలియజెప్పి రోగి సమ్మతి తీసుకోవడానికి పెద్దపీట వేసింది. ఈ దెబ్బ తిన్న తర్వాత రాజ్ ఇతరుల మనసుల్లోకి వెళ్లే ముందు వారిని అడగడం నేర్చుకుంటాడు. మొదటి భాగం ఆడినవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

మనసులో ఎదురయ్యే శత్రువుల రూపకల్పన కూడా నా వృత్తికి చాలా దగ్గరగా ఉంది. పశ్చాత్తాపం పెద్ద బరువును మోసుకుంటూ గాలిలో ఎగిరి వచ్చి, దాన్ని మన నెత్తిన పడేస్తుంది. సందేహం జిగురులా కాళ్లకు చుట్టుకుని అడుగు ముందుకు పడనివ్వదు. పానిక్ అటాక్ అనేది కంటికి ఆనకుండా దూసుకొస్తుంది, కాలాన్ని నెమ్మదింపజేసే శక్తిని దాని మీద ప్రయోగిస్తేనే చేతికి చిక్కుతుంది. గుండె దడదడలాడుతూ నా గదికి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది కూడా ఊపిరిని నెమ్మదింపజేసుకోమనే. వీటన్నింటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ‘ఎనేబ్లర్’, అంటే చెడు అలవాటుకు వత్తాసుగా నిలిచేది. అది స్వయంగా పెద్దగా కొట్టదు, మిగిలిన శత్రువులకు కవచంలా నిలిచి వారికి దెబ్బ తగలకుండా కాపాడుతుంది. ముందు దాన్ని తప్పించకపోతే ఎంత పోరాడినా వృథాయే. తాగి వచ్చిన మనిషి ఆఫీసుకు వెళ్లకపోతే జ్వరమని ఫోన్ చేసి చెప్పే ఇంటివారిని, పిల్లవాడి అప్పులను గుట్టుగా తీర్చే మేనమామలను మనం మన ఇళ్లలోనే చూస్తున్నాం. వారికి ఉన్నదంతా ప్రేమే, కానీ వ్యసనం ఆ ప్రేమ చాటునే బలపడుతుంది. ఇంత సున్నితమైన విషయాన్ని ఒక్క బొమ్మతో చూపడం సామాన్యమైన పని కాదు.

కాంప్టన్ అనే పెద్దాయన మనసు ఒక వంటల పోటీగా ఉంటుంది. న్యాయనిర్ణేతలుగా మేకలు కూర్చుంటాయి, గడియారం తరుముతూ ఉంటుంది, కూరగాయలూ పండ్లూ తమను వండమని ప్రేక్షకుల్లోంచి ఉత్సాహంగా కేకలు వేస్తుంటాయి. నలుగురూ ఏమనుకుంటారోనన్న ఆందోళనకు అంతకన్నా తగిన చిత్రం నాకు తోచదు. ఇంటర్ ఫలితాల రోజుల్లో మన పిల్లల ముఖాలే నాకు గుర్తుకొచ్చాయి. భర్తను పోగొట్టుకుని సీసాలకు అలవాటుపడిన బాబ్ అనే మరో పెద్దాయన మనసు మాత్రం సముద్రంలో అక్కడొకటి ఇక్కడొకటిగా మిగిలిన ద్వీపాలుగా కనిపిస్తుంది. అక్కడ హాస్యం దానంతట అదే తగ్గి, దుఃఖానికి చోటు ఇస్తుంది.

లోపాలు కూడా ఉన్నాయి. ఒక్కో మనసు గంటన్నరలో, మహా అయితే రెండు గంటల్లో తేరుకోవడం కథకు అవసరమే కావచ్చు గానీ, నా అనుభవంలో ఒక పిల్లవాడు నోరు విప్పి మాట్లాడడానికే కొన్నిసార్లు ఒక టర్మ్ పడుతుంది. మనసు అంత త్వరగా కుదుటపడుతుందని చిన్నవారు నమ్మే అవకాశం ఉంది కాబట్టి, వారితో ఆడే పెద్దలు ఆ మాట చెప్పి తీరాలి. పోరాటాల్లో మరో ఇబ్బంది ఉంది. రాజ్‌కు ఎనిమిది శక్తులున్నా ఒకసారికి నాలుగింటినే బొత్తాలకు కేటాయించుకోగలం. శత్రువులు చుట్టుముట్టినప్పుడు ఆట ఆపి, శక్తులను మార్చుకుని, మళ్లీ మొదలుపెట్టడం విసుగు పుట్టిస్తుంది. తెలుగులో మాటలు గానీ అక్షరాలు గానీ లేవు. హాస్యంలో సగం ఇంగ్లీషు పదాల చమత్కారం మీదే ఆధారపడింది కాబట్టి, ఆ భాష అంతగా రానివారికి పక్కన ఒకరు కూర్చుని చెప్పవలసి వస్తుంది. నేను అలాగే చేశాను.

వేళ్లు చురుకుగా కదలని నా వంటివారికి ఒక మేలు చేశారు. సెట్టింగుల్లో దెబ్బలు తగలకుండా, పడినా నష్టం లేకుండా చేసుకునే వీలుంది. ఆ వీలు వాడుకున్నందుకు ఆట ఎక్కడా మనల్ని తక్కువ చేయదు. కంప్యూటర్‌లోనూ, ఎక్స్‌బాక్స్‌లోనూ, ప్లేస్టేషన్ 4లోనూ ఆడవచ్చు. అయితే కీబోర్డుతో దూకుళ్లు కష్టం, కంట్రోలర్ తప్పనిసరి. అమెరికా వర్గీకరణ దీన్ని పదమూడేళ్లు దాటినవారికి తగినదిగా గుర్తించింది, నేను కూడా అంతకన్నా చిన్నవారికి ఇవ్వను.

ఇది ఆట మాత్రమే, చికిత్స కాదు. నిజంగా మనసు బాగాలేనివారు 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ ద్వారా తెలుగులోనే మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఆ సేవకు ఈ ఊళ్లోని నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థే కేంద్ర బిందువు. పిల్లలు ఆటలకే అతుక్కుపోతున్నారని దిగులుపడే తల్లిదండ్రుల కోసం అదే నిమ్హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడుస్తోంది. మా అక్క కూడా ఆ దిగులుతోనే ఒక ఆదివారం అనంతపురం నుంచి బయలుదేరి వచ్చింది.

ఆమె వచ్చేసరికి తెర మీద ఒక పాత పెట్టె వెక్కివెక్కి ఏడుస్తోంది. ఈ ఆటలో ప్రతి మనసులోనూ ఒక మూల పెట్టెలూ సంచులూ ఇలా ఏడుస్తూ కూర్చుని ఉంటాయి. వాటికి చెందిన చీటీ మరెక్కడో పడి ఉంటుంది. దాన్ని వెతికి తెచ్చి తగిలిస్తే ఏడుపు ఆగుతుంది. మా వాడు తొందరలో దాన్ని దాటి ముందుకు పోబోయాడు. అక్క కాళ్లు కూడా కడుక్కోకుండా సోఫా అంచున కూర్చుని, “ఏమిరా, అదట్లా ఏడుస్తాంటే వదిలేసి పోతావా? దాని చీటీ యాడుందో చూడు ముందు,” అంది. ఆ చీటీ దొరకడానికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ ఆమె అక్కడి నుంచి లేవలేదు.