కాఫీ షాపులో మొదలయ్యే కెరీర్

గ్రాన్ టురిస్మో 7, ఫోర్జా మోటార్‌స్పోర్ట్ అనే కార్ రేసింగ్ వీడియో గేములు రెండూ ఆడాను. కార్ల లెక్కలో ఫోర్జాదే పైచేయి: 2023లో విడుదలైనప్పుడే 500 పైచిలుకు. 2022 నాటి గ్రాన్ టురిస్మో 400 పైచిలుకుతో వచ్చింది. అయినా నా మనసు గ్రాన్ టురిస్మో వైపే.

ఇందులో కెరీర్, అంటే మెట్టు మెట్టుగా ముందుకెళ్లే ఆట, ఒక కెఫేలో మొదలవుతుంది. అక్కడ మెనూ కార్డు ఇస్తారు, అందులోని కార్లు గెలుచుకురావాలి. మొదటి మెనూలోని మూడు కార్లలో హోండా ఫిట్ ఒకటి. మన రోడ్ల మీద జాజ్ పేరుతో తిరిగిందే! ఆ చిన్న బండితో మలుపు ముందు ఎక్కడ బ్రేక్ వేయాలో నేర్చుకుంటుంటే, పెద్ద కార్ల మీద తొందర పుట్టదు. మూడు కార్లూ తెచ్చాక, వాటి చరిత్ర కూర్చోబెట్టి చెబుతారు. నాకు అదే పెద్ద బహుమతి.

రేసు పద్ధతి మాత్రం ఫోర్జాలో బాగుంది. ముందు ప్రాక్టీస్, తర్వాత ఏ స్థానం నుంచి బయల్దేరాలో మనమే ఎంచుకోవచ్చు. గ్రాన్ టురిస్మోలో చాలా రేసుల్లో వెనక నుంచి మొదలుపెట్టి, ఎక్కడో ముందున్నవాణ్ణి తరమాలి. అది రేసులా అనిపించదు. ఇంకోటి, కెరీర్ ఒంటరిగా ఆడాలన్నా గ్రాన్ టురిస్మోకి నెట్ ఉండాలి, కొనేముందు చూసుకోండి.