న్యూయార్క్ సబ్‌వే కొత్త సిగ్నళ్ళు: 7 లైన్‌కి మంచి మార్కులు, ఎల్ లైన్‌కి తక్కువ

ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్ళేవాళ్ళు ఎక్కే 7 లైన్‌లో రద్దీ వేళ గంటకు 29 రైళ్ళు నడపగలుగుతున్నారు. దానికి కారణం సీబీటీసీ, అంటే రైలూ కంప్యూటరూ రేడియోలో మాట్లాడుకునే సిగ్నల్ పద్ధతి. ఎల్ లైన్‌లోనూ అదే పద్ధతి, అదీ 7 కంటే ఎన్నో ఏళ్ళు ముందే వచ్చింది. అయినా అక్కడ గంటకు 20 దగ్గరే ఆగిపోయారు. సిగ్నల్ ఒక్కటీ మారిస్తే చాలదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పాత పద్ధతిలో పట్టాలు బ్లాకులు అనే ముక్కలుగా ఉంటాయి. ముందు రైలు తోక ఒక్కటి మిగిలినా ఆ బ్లాకంతా నిండినట్టే లెక్క, వెనక రైలు అందులోకి రాకూడదు. ఎర్ర లైటు దాటితే పట్టాల పక్కన లేచి ఉన్న ట్రిప్ ఆర్మ్ అనే చేయి బ్రేకు వేయించేస్తుంది. సీబీటీసీలో రైలు పట్టాల మధ్యనున్న ట్రాన్స్‌పాండర్లను (తామున్న చోటును తెలిపే చిన్న పరికరాలను) చదువుతూ, చక్రాలు ఎంత తిరిగాయో లెక్కపెడుతూ, తానెక్కడుందో రేడియోలో చెబుతుంది. ఎంతవరకు రావచ్చో కంట్రోలర్ అనే కంప్యూటర్ తిరిగి చెబుతుంది. అందుకే రైళ్ళ మధ్య దూరం తగ్గుతుంది.

మరి ఎల్‌కి అడ్డేమిటి? మొదటిది చివరి స్టేషన్. ఎయిత్ అవెన్యూలో ప్లాట్‌ఫామ్ దాటగానే పట్టాలు అయిపోతాయి, రైలు పాకుతూ లోపలికి రావాలి. 7 లైన్‌కి 2015లో తెరిచిన చివరి స్టేషన్ హడ్సన్ యార్డ్స్ దాటాక కూడా పట్టాలు చాలా దూరం ఉన్నాయి, కాబట్టి రైలు వేగంగా వచ్చి ఆగుతుంది. రెండోది చాలని కరెంటు. కొత్త సబ్‌స్టేషన్లతో ఎల్‌లో గంటకు 22 రైళ్ళు నడపవచ్చన్నది అధికారుల లెక్క.

హైదరాబాద్ మెట్రోలో ఉన్నవీ 7 లైన్‌లాగే థేల్స్ కంపెనీ బిగించిన సిగ్నళ్ళే. అక్కడ కొత్త పట్టాల మీద మొదటి నుంచీ బిగించారు. న్యూయార్క్‌లో రాత్రింబవళ్ళు రైళ్ళు తిరిగే పట్టాల మీద పని, అందుకే 7 లైన్‌కి 2010లో కాంట్రాక్టు ఇస్తే 2018 నవంబరుకి గానీ పూర్తికాలేదు. పైగా రైళ్ళు కూడా మార్చాలి: 7 కోసం 126 కొత్త బోగీలు కొని, 380 పాతవాటిలో పరికరాలు బిగించారు.

ఈ పద్ధతికి బలహీనత తడి పట్టాలు. చక్రం జారితే దూరం లెక్క తప్పుతుంది, రైలు తన చోటు తెలియక ఆగిపోవచ్చు. అప్పుడు మళ్ళీ ట్రాన్స్‌పాండర్లు చదివేదాకా నెమ్మదిగానే నడపాలి. క్వీన్స్‌లో 7 చాలావరకు ఆరుబయటే నడుస్తుంది కనుక, వాన, మంచు కురిసే రోజుల్లో కాస్త ముందే బయల్దేరండి.