బోటు వెనక పలక ఎత్తు చేయించాను: పనికి నాలుగు స్టార్లు, బోల్టులకి సున్నా

కాకినాడ రేవు వైపు ఒక ఫైబర్ షెడ్డులో మా 24 అడుగుల బోటుకి వెనక పలక, అంటే అవుట్‌బోర్డ్ ఇంజన్ తగిలించే చోటు, మొత్తం కోయించి కొత్తది కట్టించాను. బోల్టుల గొడవ ఒకటి ఉంది కాబట్టి షెడ్డు పేరు రాయడం లేదు. పని సంగతి మాత్రం రాయాలి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ బోటు కొన్న చాలామందిది ఇదే బాధ.

మేం కొన్నప్పుడు పలక ఎత్తు 15 అంగుళాలు, అంటే షార్ట్ షాఫ్ట్ (కాలు పొట్టిగా ఉండే) ఇంజన్‌కి సరిపోయేది. మాది 9.9 హెచ్‌పీ లాంగ్ షాఫ్ట్, అంటే కాలు పొడుగుది, దానికి 20 అంగుళాలు కావాలి. ఆ ఐదంగుళాల తేడాతో రెండేళ్లు నడిపాం. ప్రొపెల్లర్ పైన ఉండే ప్లేటు బోటు అడుగుకి సమానంగానో అంగుళం కిందగానో ఉండాలి, మాది ఐదారంగుళాలు కిందకి దిగిపోయి నీళ్లని దున్నుకుంటూ పోయేది. పెట్రోలు తాగడం ఒకటి, ఉప్పాడ ఒడ్డుకి తెచ్చేటప్పుడు ఇంజన్ కాలు ఇసుకలో దిగబడటం ఇంకొకటి. అదీగాక పలక అంత కిందకి ఉంటే వెనక నుంచి వచ్చే కెరటం సరాసరి వల మీదకే.

మేస్త్రి రాగానే కొలతలు తీయలేదు, చిన్న సుత్తి పట్టుకుని పలకంతా తట్టాడు. పైన టకటక, బోల్టుల చుట్టూ డబడబ. "బాబూ, పైకి ఫైబర్ బాగానే ఉందండి, లోపల చెక్క పోయింది" అన్నాడు. నేను నమ్మలేదు, ఎత్తు ఒక్కటీ పెంచు చాలన్నాను. లోపలి పొర కోసి చూపించాక నోరు మూసుకున్నాను. ప్లైవుడ్ తడిసిన అట్టముక్కలా చేత్తో ఊడొచ్చింది. పాత ఓనరు బోల్టు రంధ్రాలకి సీలెంట్ పెట్టలేదట, నీళ్లు ఏళ్ల తరబడి అక్కడి నుంచే లోపలికి పోయాయి. దాని మీద 40 కిలోల ఇంజన్ వేలాడేసి సముద్రంలోకి వెళ్లామా అని ఇప్పుడు తలుచుకుంటే వెన్నులో చలి.

పాత చెక్కంతా తీసేసి, లోపల ఆరాలని నాలుగు రోజులు ఊరికే వదిలేశాడు. తడి మీద రెజిన్, అంటే ఫైబర్‌ని అతికించే జిగురు, పట్టదు. తర్వాత 19 ఎంఎం మెరైన్ ప్లై రెండు షీట్లు అతికించి 38 ఎంఎం చేసి, దాని మీద మ్యాట్, రోవింగ్ అనే రెండు రకాల ఫైబర్ గుడ్డలు మార్చి మార్చి వేశాడు. రెండు మూలలా లోపలి వైపు మోకాలు ఆకారంలో దన్నులు కట్టాడు, ఇంజన్ తోసే బలం పలక ఒక్కదాని మీదే పడకుండా. మే నెల ఎండకి హార్డెనర్ (రెజిన్‌ని గట్టిపరిచే మందు) కాస్త ఎక్కువైతే రెజిన్ గిన్నెలోనే గడ్డకట్టి పొగలొస్తుంది, అందుకని తెల్లవారుజామున ఐదున్నరకే మొదలెట్టి కొంచెం కొంచెం కలుపుకుంటూ ఎనిమిదికల్లా ఆపేసేవాడు. ఆ ఓపికకే మూడు స్టార్లు ఇస్తాను.

నాకు బాగా నచ్చింది, ఎత్తు కాగితం మీద తేల్చేయకపోవడం. 20 దగ్గర ఆపి, నీళ్లలో నడిపి చూసి, ఇంజన్ కింద అరంగుళం చెక్కముక్క పెట్టి మళ్లీ నడిపాడు. ఇంకో అరంగుళం లేపితే మలుపులో ప్రొపెల్లర్ గాలి పీల్చి ఇంజన్ గీ పెట్టింది. చివరికి ఇరవైన్నర.

ఇక తిట్లు. పది రోజులన్నది ఇరవై మూడు రోజులు పట్టింది. ఇంజన్ పైకి లేపితే దాని తల ముందుకి వంగుతుంది కదా, ఆ జాగా ఎవరూ కొలవలేదు, మొదటిసారి లేపగానే వెళ్లి అడ్డబల్లకి గుద్దుకుంది. బల్ల మూడంగుళాలు కోయాల్సొచ్చింది. నేనూ పక్కనే ఉన్నాను, నాకూ తట్టలేదు, కాబట్టి ఇందులో సగం తప్పు నాదే.

బోల్టులది మాత్రం ఊరుకోలేను. బిల్లులో స్టెయిన్‌లెస్ 316, అంటే ఉప్పునీటికి తేలిగ్గా తుప్పు పట్టని రకం, అని రాసి, బిగించింది పూత వేసిన మామూలు ఇనుము. పదిహేను రోజుల్లో వాషర్ల కింద నుంచి ఎర్రగా కారింది. అడిగితే "కుర్రాడు పొరపాటున వేశాడండి" అన్నారు. మార్చారు, డబ్బులు అడగలేదు, కానీ నేను చూడకపోతే? ఈసారి రంధ్రాలు పెద్దవి చేసి రెజిన్‌తో నింపి, మళ్లీ సన్నగా డ్రిల్ చేసి, సీలెంట్ పెట్టించాను. దగ్గర కూర్చుని మరీ.

మొత్తం 38 వేలు అయింది. రంగు పాతదాంతో కలవలేదు, పట్టించుకోలేదు. ఇప్పుడు రోజుకి లీటరు పైనే పెట్రోలు మిగులుతోంది, ఒడ్డున కాలు ఇసుకకి తగలడం లేదు. మీరూ చేయించాలనుకుంటే ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవకముందే మాట్లాడుకోండి, మొదలయ్యాక షెడ్డులో బోటు పెట్టడానికి చోటుండదు, జూన్ 14తో నిషేధం అయిపోయాక మేస్త్రి ఫోనే ఎత్తడు.