బెస్సీ స్మిత్ పక్కన ఎవరి కార్నెట్: ఆర్మ్‌స్ట్రాంగ్‌దా, జో స్మిత్‌దా?

1925 జనవరిలో అమెరికన్ బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ కొలంబియా రికార్డు కంపెనీకి పాడిన 'సెయింట్ లూయిస్ బ్లూస్' వినండి. వెనక ఫ్రెడ్ లాంగ్‌షా హార్మోనియం శ్రుతి పట్టుకుని ఉంటుంది, ఆమె ఒక్కో పాదం ఆపగానే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి ఊదే వాయిద్యం) అందుకుని జవాబు చెబుతుంది. అద్భుతమే! కానీ ఆ జవాబు ఎంత బాగుంటుందంటే, మన చెవి ఆమెను వదిలేసి అటే పోతుంది. అందుకే బెస్సీ కోసం వినాలంటే నా ఓటు జో స్మిత్‌కే. 1926 నాటి 'యంగ్ ఉమన్స్ బ్లూస్'లో ఫ్లెచర్ హెండర్సన్ పియానో, బస్టర్ బెయిలీ క్లారినెట్ పక్కన అతను మెత్తగా, దాదాపు మనిషి గొంతులాగే వాయిస్తాడు, ఆమె మాటను పొడిగిస్తాడే తప్ప పోటీకి రాడు. పైగా అప్పటికి మైకుతో రికార్డింగ్ వచ్చేసింది కాబట్టి, మైకు లేకుండా, శబ్దాన్ని పట్టే గరాటులాంటి హారన్ ముందు నిలబడి పాడిన 'సెయింట్ లూయిస్ బ్లూస్' కన్నా ఇందులో ఆమె గొంతు బాగా దగ్గరగా వినిపిస్తుంది.