పాత ట్రావెల్ ట్రెయిలర్ చక్రాలు: ఉన్న బేరింగులకు గ్రీజా, కొత్త బేరింగులా?

అమెరికాలో పాత ట్రావెల్ ట్రెయిలర్ (వాహనం వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొన్నవారు దూరప్రయాణానికి ముందు రెండింటిలో ఒకటి తేల్చుకోవాలి: ఉన్న బేరింగులను కడిగి కొత్త గ్రీజు పట్టించడమా, మొత్తం మార్చేయడమా. మొదటిదానికి ఖర్చు తక్కువ. రోలర్లు నున్నగా మెరుస్తూ, చక్రం మధ్యనుండే హబ్‌లోని రేసు (రోలర్లు దొర్లే లోహపు వలయం) మీద గోరుతో గీసినప్పుడు ఎక్కడా తట్టకపోతే నిశ్చింతగా అదే చేయవచ్చు, అయితే గ్రీజు సీలు మాత్రం కొత్తది వేయవలసిందే. నీలిరంగు తిరిగితే వేడికి కమిలినట్టు, సన్నని గుంటలు పడితే తరచుగా తుప్పు తిన్నట్టు; అప్పుడు బేరింగునూ రేసునూ జతగా మార్చాలి, ఎందుకంటే దెబ్బతిన్న రేసులో కొత్త బేరింగు త్వరగా పాడవుతుంది. ఎన్నేళ్లు కదలకుండా నిలిచి ఉందో తెలియని ట్రెయిలరుకు నేనైతే కొత్తవే వేయిస్తాను: హైవే మీద బేరింగు పట్టేస్తే చక్రమే ఊడిపోవచ్చు, వెనక వచ్చేవారి ప్రాణాలకూ అది ముప్పే.

టైర్ల విషయంలో ఇంత తర్జనభర్జన అక్కరలేదు. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా, పక్కగోడ మీది డాట్ సంఖ్య (అమెరికాలో టైరు మీద ముద్రించే గుర్తింపు సంఖ్య) చివర 2316 అని ఉంటే అది 2016లో 23వ వారం తయారైనది. అంత పాతదాన్ని నమ్మకూడదు. ఎస్‌టీ (స్పెషల్ ట్రెయిలర్, అంటే ట్రెయిలర్ల కోసమే చేసినది) గుర్తు ఉండి, ట్రెయిలర్ బరువును మోయగల కొత్త టైర్లే వేయించాలి. ఏ దారి ఎంచుకున్నా తొలి 50 మైళ్లలోనే ఒకసారి ఆగి, వీల్ నట్లను టార్క్ రెంచితో (బిగువును కొలిచే పానాతో) సరిచూసి, ఏ హబ్ అయినా మిగతావాటికంటే వేడెక్కిందేమో గమనించాలి.