నాన్నగారు ఏం పని చేసేవారని అడిగిన ట్రావెల్స్

సంక్రాంతి వెళ్ళిన వారానికి మా అమ్మానాన్నలు విజయవాడ నుంచి బెంగుళూరు వచ్చారు. నాన్నకి 71, అమ్మకి 66. ఆయనకి షుగరు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. వచ్చిన వాళ్ళని మారతహళ్ళి ఫ్లాట్‌లో కూర్చోబెట్టి టీవీ చూపించడం మనసొప్పక, మైసూరు వైపు రెండు రోజులు తీసుకెళ్దామని మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఈ ట్రావెల్స్‌లో కారు మాట్లాడాను. రివ్యూ కాస్త పొడుగే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఓపిగ్గా చదవండి.

ముందు ఇంకో చోట అడిగాను. పది నిమిషాల్లో వాట్సాప్‌లో ప్లాన్ పంపేశారు. మొదటి రోజే శ్రీరంగపట్నం, రంగనతిట్టు, చాముండి కొండ, జూ, ప్యాలెస్, చర్చి, బృందావన్ గార్డెన్స్. రెండో రోజు సోమనాథపుర, తలకాడు, శివనసముద్ర, రాత్రికి ఇల్లు. చదువుతుంటేనే నా కాళ్ళు లాగాయి, ఇంక అమ్మ సంగతి ఏం చెప్పను. రేటు తక్కువే. కానీ టోలు, పార్కింగు, డ్రైవర్ బత్తా, రాత్రి పది దాటితే అదనం, ఇవన్నీ నేను అడిగితే గానీ బయటికి రాలేదు. వాళ్ళ పేరు ఇక్కడ వద్దు.

అదే లిస్టు పట్టుకుని ఈ ఆఫీసుకి వెళ్ళాను. చిన్న గది, గోడకి కర్ణాటక మ్యాపు. నడిపేది మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒకావిడ, అందరూ అక్కా అనే పిలుస్తారు. లిస్టు మొత్తం చదివి, "ఏమ్మా, మీయమ్మా నాయనకు చూపించేదానికి తీసకపోతా ఉండావా, ఊరికే తిప్పేదానికా?" అంది. తర్వాత అడగడం మొదలుపెట్టింది. అమ్మ ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కుతుంది? నాన్న ఎన్ని గంటలకి తింటారు, బాత్రూమ్‌కి ఎంతసేపటికోసారి ఆగాలి? కారులో వెనక సీటులో పడుకునే అలవాటుందా? చివర్న, "మీ నాయన ఏం పని చేసేవారు?"

ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద, అంటే ఇనుప ముక్కని గిర్రున తిప్పుతూ చెక్కే మిషన్ మీద, 38 ఏళ్ళు చేశారని చెప్పాను. అక్క పెన్ను తీసి నా లిస్టు కింద "చన్నపట్నం" అని రాసింది. అది నేను అడిగిన ఊరే కాదు.

తర్వాత ఒక్కొక్కటీ కొట్టేసింది. జూ తీసేసింది, నడక ఎక్కువని. బృందావన్ గార్డెన్స్ తీసేసింది, చీకట్లో మెట్లు అమ్మకి కష్టమని. తలకాడు తీసేసింది, ఇసకలో నడవాలని. శని, ఆదివారాలు అనుకున్న ప్రయాణాన్ని ఆది, సోమవారాలకి జరిపింది. ఆదివారం రాత్రి మైసూరు ప్యాలెస్‌కి దీపాలు వెలిగిస్తారు, అది రోడ్డు మీద నిలబడి చూసినా చాలు, లోపల తిరగక్కర్లేదు. సోమవారం పొద్దున సోమనాథపురలో జనం ఉండరు. నాకు ఒక రోజు సెలవు పోయింది, పోతే పోయింది. చాముండి కొండ తీసేయడం మాత్రం అమ్మకి రుచించలేదు. ఆదివారం క్యూలో నిలబడలేదని నచ్చజెప్పి, శ్రీరంగపట్నంలో రంగనాథుడి దర్శనం పెట్టింది.

డబ్బు సంగతి కూడా ఆ కాగితం మీదే రాసిచ్చింది. ఎర్టిగా, కిలోమీటరుకి 17 రూపాయలు, రోజుకి కనీసం 250 కిలోమీటర్లు, బత్తా రోజుకి 500. టోలు, పార్కింగు రసీదు ప్రకారం. మేం తిరిగింది 384 కిలోమీటర్లే అయినా 500కి కట్టాలి. ఆ మాట ముందే చెప్పింది కాబట్టి కట్టేటప్పుడు బాధ అనిపించలేదు.

ఆదివారం అయిదున్నరకి బయల్దేరాం. డ్రైవర్ మండ్య కుర్రాడు, తెలుగు బాగానే వచ్చు. నాన్నని అప్పాజీ అని, అమ్మని అమ్మా అని పిలిచాడు. ఊరి బయటి నుంచి పోయే నైస్ (NICE) రోడ్డు మీదుగా కెంగేరి దగ్గర తేలి, ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకముందే ఒక హోటల్ దగ్గర ఆపాడు. ఆ రోడ్డు ఎక్కితే కారు వంద మీద పోతుంది గానీ మధ్యలో టీకో బాత్రూమ్‌కో ఆగుదామంటే చోటు ఉండదు, ఊళ్ళోకి దిగాల్సిందే. నాన్నకి అది పెద్ద విషయం. అక్క ఆ సంగతి డ్రైవర్‌కి ముందే చెప్పి పంపింది.

రంగనతిట్టులో తొమ్మిదిలోపే పడవ ఎక్కాం. కావేరి మధ్యలో చిన్న చిన్న లంకలు, 1940లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చొరవతో రక్షిత ప్రాంతమైంది. పడవ నడిపే అతను ఒక బండకి దగ్గరగా తీసుకెళ్ళి ఆపాడు. బండ మీద మొసలి నోరు తెరుచుకుని పడుకుంది, పైన చెట్టు నిండా ఎర్రకాళ్ళ కొంగలు. అమ్మ పుట్టిల్లు గుంటూరు దగ్గర ఉప్పలపాడుకి పక్క ఊరే. అక్కడ చెరువులో తుమ్మచెట్ల మీద ఇవే కొంగలు, ఇవే గూడబాతులు. పడవ దిగేదాకా అమ్మ నాన్నకి వాటి పేర్లు చెబుతూనే ఉంది. మోకాళ్ళ మాట ఎత్తలేదు.

శ్రీరంగపట్నంలో దర్శనం అయ్యాక దరియా దౌలత్ చూశాం. 1784లో టిప్పు కట్టించుకున్న టేకు మేడ, గోడ మీద ఇంగ్లీషువాళ్ళని ఓడించిన పొల్లిలూరు యుద్ధం బొమ్మ ఉంటుంది. బాగుంది, కానీ అప్పటికి ఎండెక్కింది, మా అందరికీ ఆకలేసింది.

ఒక స్టారు తగ్గించింది మైసూరు లాడ్జి దగ్గర. వీళ్ళే బుక్ చేశారు. గది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. ఎన్ని మెట్లు ఎక్కగలదని అడిగి మరీ ప్లాన్ వేసిన మనిషి లాడ్జికి ఫోన్ చేసి ఆ ఒక్క మాట కనుక్కోకపోవడం నాకు చాలా కష్టం అనిపించింది. అమ్మ మెట్ల కింద బల్ల మీద కూర్చుండిపోయింది. ఫోన్ చేస్తే అక్క సాకులు చెప్పలేదు, తప్పు నాదే అంది. డ్రైవర్ గంట తిరిగి ఇంకో చోట కింద గది పట్టాడు. మొదటి లాడ్జి డబ్బు బిల్లులో తీసేశారు. అయినా ఆ గంట అమ్మ పడ్డ అవస్థ అవస్థే. ఇంకోటి, ఎర్టిగా చివరి వరుసకి ఏసీ గాలి సరిగా తగల్లేదు. ఐదుగురు వెళ్ళేట్టయితే ముందే చూసుకోండి.

రాత్రి ప్యాలెస్ దీపాలు ఒక్కసారిగా వెలిగినప్పుడు పక్కన పిల్లలంతా కేకలు పెట్టారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

సోమవారం తొమ్మిదికి సోమనాథపుర. హొయసలుల కాలం, 13వ శతాబ్దం గుడి. 2023లో బేలూరు, హళేబీడులతో కలిపి యునెస్కో జాబితాలోకి ఎక్కింది. కేశవుడు, జనార్దనుడు, వేణుగోపాలుడు అని మూడు గర్భగుళ్ళు. పూజలు లేవు. "దీపం కూడా లేదేమ్మా" అని అమ్మ కాసేపు దిగులుపడి, వేణుగోపాలుడి ముందు కళ్ళు మూసుకుని నిలబడింది.

నాన్న బయట గోడల దగ్గర ఆగలేదు. అందరూ ఫోటోలు తీసుకునే శిల్పాలన్నీ దాటుకుని మండపంలోకి వెళ్ళి ఒక స్తంభం ముందు ఆగిపోయారు. ఒక కన్ను మూసి, తల పక్కకి వంచి, పై నుంచి కిందికి చూశారు. షాఫ్టు, అంటే ఇనుప ఇరుసు, వంకర ఉందేమో చూసేటప్పుడు ఆయన అలాగే చూసేవారు, చిన్నప్పుడు షెడ్డులో చూశాను. "ఇది తిప్పిన జాబేనమ్మా. రింగు రింగుకీ గాడి చూడు. ఎక్కడా సెంటర్ తప్పలేదు" అన్నారు. గైడ్ అవునన్నాడు. ఇది బలపపు రాయి, గని నుంచి తీసినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడుతుంది, అందుకే లేత్ మీద తిప్పినట్టు చేయగలిగారని చెప్పాడు. అంత బరువు రాయిని ఎలా పట్టి ఉంచారు, ఎంతమంది తిప్పారు అని నాన్న అడుగుతూనే ఉన్నారు.

బయటికొచ్చాక గైడ్ ఒక శిల్పం కింద చెక్కిన అక్షరాలు చూపించాడు. చెక్కిన మనిషి పేరట, మల్లితమ్మ. ఈ గుడిలో చాలా శిల్పాల కింద ఆ పేరు ఉంది. పాత కన్నడ లిపి. నాన్న వంగి, "మొదటిది మన 'మ' లాగే ఉందే" అన్నారు. కాసేపటికి, "38 ఏళ్ళు ఎన్ని బుష్‌లు, ఎన్ని షాఫ్టులు తిప్పానో. ఒక్కదాని మీదా పేరు లేదు" అన్నారు. బాధగా అన్లేదు. లెక్క చెప్పినట్టు చెప్పారు.

మధ్యాహ్నం భోజనమయ్యాక చన్నపట్నం, లక్క రంగుల కర్ర బొమ్మలకి పేరున్న ఊరు. దుకాణంలో కొనిపించి పంపేస్తారేమో అనుకున్నాను. డ్రైవర్ సందులోకి తిప్పి, అక్క ముందే మాట్లాడి ఉంచిన ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. వరండాలో చిన్న మోటారు లేత్, కింద పొట్టు. కర్ర చూడగానే నాన్న గుర్తుపట్టారు, ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్రే. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే రంగు కరిగి పట్టుకుంటుంది. తర్వాత ఎండిన మొగలి ఆకు ఒత్తి పట్టుకుంటే అద్దంలా మెరుపొస్తుంది. బొమ్మలు చేసే ఆయనకి తెలుగు రాదు, నాన్నకి కన్నడ రాదు. అరగంట ఇద్దరూ వేళ్ళతోనే మాట్లాడుకున్నారు. చివరికి ఆయన మిషన్ ఆపి, ఉలి నాన్న చేతికిచ్చి పక్కకి జరిగాడు. నాన్న ముందు ఉలి ఆనించే టూల్ రెస్టు కొంచెం పైకి జరిపించుకున్నారు. ఆ తర్వాత బొంగరం తిప్పారు. మొన దగ్గర కాస్త లావుగా వచ్చిందని అదే పట్టుకుని మళ్ళీ సన్నం చేశారు. రంగు మాత్రం ఆయనే వేశాడు, ఎరుపు మీద పసుపు గీత.

డబ్బులిస్తే బొంగరానికి తీసుకోలేదు, మేం కొన్న మిగతా బొమ్మలకే తీసుకున్నాడు. నాన్న బొంగరం తిరగేసి, బాల్‌పెన్ను చేతిలో పెట్టి, కింద ఆయన పేరు రాయించుకున్నారు. కన్నడలో రాశాడు. ఆయన పెన్ను తిరిగిచ్చి నాన్న వైపు వేలు చూపించాడు. నాన్న తన పేరు పక్కనే తెలుగులో రాశారు.

బుక్ చేసేవాళ్ళకి రెండు మాటలు. లాడ్జికి లిఫ్టు ఉందో లేదో మీరే ఫోన్ చేసి కనుక్కోండి. చన్నపట్నంలో బొమ్మలు చేసే ఇల్లు చూడాలంటే అక్కకి రెండు రోజుల ముందు చెప్పండి. ఎక్స్‌ప్రెస్‌వే ఊరి బయటి నుంచే పోతుంది, దిగితేనే లేత్‌లు కనిపిస్తాయి.